నవ్వు మంజూరైంది, స్టూలు రాలేదు

పోయిన వానాకాలం మా చిన్నమ్మకు జ్వరం ఎంతకీ దిగకపోతే బోథ్‌లో బస్సెక్కించి ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. ఏ దవాఖాన అని అడగకండి. పేరు రాస్తే మెమో వచ్చేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు. గోడకు పోస్టర్ అంటించినవాళ్ళకు రాదు. నా తగువు ఆ పోస్టర్‌తోనే.

ఆడవాళ్ళ వార్డు తలుపు పక్కన, చెయ్యి అందని ఎత్తులో ఉందది. ఏ దేశపు వాళ్ళో తెలియని ఒక నర్సు, ఒక ముసలమ్మ. ఇద్దరికీ ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, ఇద్దరూ వాటిని చూపిస్తున్నారు. కింద తెలుగులో ఉపదేశం: రోగిని చిరునవ్వుతో పలకరించాలి, పక్కన కూర్చోవాలి, కళ్ళలోకి చూడాలి, చెప్పేది పూర్తిగా వినాలి, అర్థమయ్యే భాషలో బదులివ్వాలి. చదవడం అయ్యాక, ఆ కూర్చునేదేదో ఎక్కడుందా అని వెతికాను. వార్డు మొత్తానికి ఒక్కటే స్టూలు. దాని మీద రెండు రిజిస్టర్లు, ఒక బీపీ మిషను, ఎవరిదో టిఫిన్ డబ్బా అప్పటికే కూర్చుని ఉన్నాయి.

చిన్నమ్మకు మంచం దొరికింది. ఆడమనిషిని కాబట్టి నాకు ఆ మంచం పక్కన నేల దొరికింది. వరండాలో మా తమ్ముడికి దోమలు దొరికాయి. అలా నాలుగు రాత్రులు.

పోస్టర్ చెప్పే విద్యకు ఇంగ్లిష్‌లో థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అని పేరు. తెలుగు చేసినవాళ్ళు చికిత్సాత్మక సంభాషణ అన్నారు. ఆ మాట పలికినాక ఓ గోలీ వేసుకోవాలి. మా దిక్కు దీన్నే ‘మంచిగ మాట్లాడుడు’ అంటారు, దానికి డిప్లొమా ఇవ్వరు.

విద్య కొత్తదేం కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చేసిన నర్సింగ్ పుస్తకంలోనే ఇదంతా ఉంది. రోగి ఏదైనా చెప్పుకుంటుంటే కూర్చుని విను, తొందరలో ఉన్నట్టు కనబడకు, వెనక నిలబడి మాట్లాడి మెడ తిప్పించకు అని చెప్పుకొచ్చింది. ఉత్తుత్తి ధైర్యాలు చెప్పేవాళ్ళంటే ఆమెకు ఎంత మంటంటే, వాళ్ళ కోసం ఒక అధ్యాయమే కేటాయించింది. అది చదివితే మన చుట్టాల్లో సగం మంది దవాఖాన మెట్లెక్కరు. మొదటి రోజే ఒకామె వచ్చి, “ఏం గాదు లేవే, మా ఆడబిడ్డకు గూడ గిట్లనే అయింది, మూడొద్దులల్ల పోయింది” అని చిన్నమ్మకు ధైర్యం చెప్పి వెళ్ళింది. పోయింది జ్వరమా, ఆడబిడ్డా అని చిన్నమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదు.

నైటింగేల్ తర్వాత దాదాపు వందేళ్ళకు హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికా నర్సు దీన్ని శాస్త్రం చేసింది. నర్సుకూ రోగికీ మధ్య ఉండే సంబంధమే సగం వైద్యం అని పుస్తకం రాసింది. రాసింది 1948 నాటికి, అచ్చయింది 1952లో. పక్కన ఒక డాక్టరు పేరు లేకుండా నర్సు ఒక్కతే పుస్తకం వేయడమేమిటని నాలుగేళ్ళు ఆగింది. నర్సు రోగితో ఎలా మాట్లాడాలో చెప్పడానికి కూడా డాక్టరు సంతకం కావలసి వచ్చిందన్నమాట. ఇప్పటికీ వార్డులో “సిస్టర్, మా అవ్వకు ఎట్లుంది?” అంటే “డాక్టర్‌ను అడుగు” అన్న జవాబు ఎందుకొస్తుందో నాకు ఇక్కడ అర్థమైంది. జవాబు ఆమెకు తెలుసు. చెప్పే అధికారమే అచ్చుకు పోయి తిరిగి రాలేదు.

పెప్లావ్ ఆ సంబంధానికి నాలుగు దశలు చెప్పింది. మూడో దశకు ఆమె వాడిన ఇంగ్లిష్ మాటకు దోపిడీ అనే అర్థం కూడా ఉంది. ఆమె ఉద్దేశం, రోగి అందుబాటులో ఉన్న సేవనంతా పూర్తిగా వాడుకోవాలని. మన అద్దాల మేడల దవాఖానలు మాత్రం ఆ రెండో అర్థాన్నే పట్టుకున్నాయి. అక్కడ రోగి ఏ దశలో చేరినా మూడో దశలోనే ఉంటాడు, నాలుగోదైన వీడ్కోలు బిల్లు కట్టినాకే.

మన పిల్లలు ఈ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో చదివి, ఇంగ్లిష్‌లో పరీక్ష రాసి, తెలుగు కూడా అందరికీ రాని ఊళ్ళకు డ్యూటీకి వస్తారు. పాఠాల్లో ‘సోలర్’ అనే సూత్రం ఒకటుంది. దవాఖాన మీద పెట్టే కరెంటు పలకలనుకున్నాను. కాదట. రోగికి ఎదురుగా కూర్చో, చేతులు కట్టుకోకు, కొంచెం ముందుకు వంగు, కళ్ళలోకి చూడు, ఒళ్ళు వదులుగా ఉంచు అని ఐదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి అట్లా పేరు పెట్టారు. మొదటి అక్షరమే కూర్చోవడం. మనకు బండి మొదటి స్టాపులోనే ఆగింది. ఎడ్వర్డ్ హాల్ అనే ఆయన 1966లో మనుషుల మధ్య ఉండవలసిన దూరాలు కొలిచి పెట్టాడు. పద్దెనిమిది అంగుళాల లోపలికి ఆప్తులే రావాలి, అంతకు మించి నాలుగడుగుల దాకా స్నేహితులు. మా వార్డులో మంచానికీ మంచానికీ మధ్య పద్దెనిమిది అంగుళాలు లేవు. హాల్ లెక్కన మేమంతా ఆప్తులం. ఒకరి వాంతి ఒకరు పట్టుకున్నాం కూడా.

మౌనం కూడా ఒక చికిత్సా పద్ధతి అని ఆ పుస్తకాల్లోనే ఉంది. ఆ ఒక్క పద్ధతిలో మన సర్కారు దవాఖానలు ఎప్పుడో ప్రపంచ స్థాయికి చేరుకున్నాయి.

ఇక లెక్క. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం మామూలు దవాఖానలో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు. మొదటి రాత్రి నిద్ర పట్టక తలలు లెక్కపెట్టాను. మంచాల మీద ముప్పై ఒకటి, కింద పరుపుల మీద ఏడు. వెరసి ముప్పై ఎనిమిది. కాగితం మీద ఏడున్నర మంది సిస్టర్లు ఉండాలి. ఆ అర మనిషే వచ్చినట్టుంది. వచ్చిన ఒక్కామెను పక్క వార్డు వాళ్ళు సగం సేపు పిలుచుకుంటూనే ఉన్నారు. పన్నెండు గంటల డ్యూటీని ముప్పై ఎనిమిదితో భాగిస్తే మనిషికి పందొమ్మిది నిమిషాలు. సూదులు, సలైన్లు, జ్వరం చూసుడు, బీపీ పట్టుడు, రక్తం తీసి ల్యాబుకు పంపుడు, డ్యూటీ డాక్టర్‌కు ఫోను, ఆయన ఎత్తకపోతే మళ్ళీ ఫోను అన్నీ ఆ పందొమ్మిదిలోవే. పోగా మిగిలిన నిమిషంన్నరలో ఆమె నవ్వి, కూర్చుని, వంగి, కళ్ళలోకి చూసి, పూర్తిగా విని, అర్థమయ్యే భాషలో బదులివ్వాలి.

ఆ నిమిషంన్నర కూడా రిజిస్టర్లకే పోతుంది. నిజం చెప్పాలంటే, ఆ వార్డులో పుస్తకంలో చెప్పినట్టుగా సాగే వృత్తి సంబంధం ఒక్కటే కనబడింది. అది సిస్టర్‌కూ రిజిస్టర్‌కూ మధ్య. దాని ముందు ఆమె కూర్చుంటుంది. దాని మీదికి వంగుతుంది. దాని కళ్ళలోకి చూస్తుంది. ఏ గడీ అడిగిందీ వదలకుండా బదులిస్తుంది. రోగి గడీ ఖాళీగా ఉంటే అడిగేవాడు లేడు, రిజిస్టర్ గడీ ఖాళీగా ఉంటే రేపు పొద్దున రౌండ్సులో పెద్దసారు అడుగుతాడు.

అర్థమయ్యే భాష దగ్గరికొద్దాం. మా బోథ్ చుట్టూరా తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండీ, కొలామీ, లంబాడీ మాట్లాడతారు. భాషాశాస్త్రం ప్రకారం గోండీ తెలుగుకు దగ్గరి చుట్టం, లంబాడీ ఏమో హిందీ వైపు బంధువు. దవాఖానలో ఈ చుట్టరికాలు పనిచేయవు. చిన్నమ్మ పక్క మంచం మీద కడుపునొప్పితో ఒక గోండామె ఉండేది. తోడు వచ్చినవాడు ఆమె చెల్లెలి కొడుకు. ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి. తెలుగు వచ్చినవాడు ఇంట్లో వాడొక్కడే, అందుకే వాణ్ణి బడి మాన్పించి తెచ్చారు. ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన కుర్ర సిస్టర్ కేస్ షీట్ పట్టుకొని వచ్చింది. పోస్టర్ వైపు ఒకసారి చూసి, పాపం, నవ్వింది కూడా.

“మీ పెద్దమ్మకు నెలది ఎప్పుడొచ్చిందో అడుగు బాబూ.”

వాడు తిరిగి గోండీలో అడిగాడు. అంతవరకూ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చుంది. చేతులు తిప్పుతూ రెండు నిమిషాలు మాట్లాడింది. గొంతు పెరిగింది. వార్డంతా తిరిగి చూసింది.

“వారం వారం రావాలెనట మేడం,” అన్నాడు పిల్లాడు. “మొదట్ల మంచిగనే వచ్చిందట. గిప్పుడు మూడు వారాల సంది వస్తలేదట. మేట్‌ను అడిగితే ఆదిలాబాద్‌లనే ఆగిందన్నడట. మీరేమన్న జేస్తరా అని అడుగుతుంది.”

సిస్టర్ పెన్ను ఆగింది. వాడికి తెలిసిన ‘నెలది’ ఇంటికొచ్చే డబ్బు. ఆమె చేసింది ఉపాధి హామీ వంద రోజుల పని. సిస్టర్‌కు అది తెలియదు, వెనక ఇంకా ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. కాసేపు ఆలోచించి కేస్ షీట్‌లో ‘క్రమం తప్పింది’ అని ఇంగ్లిష్‌లో రాసుకుని పోయింది. వైద్యం సంగతి దేవుడెరుగు. పదిహేను రోజుల్లో కూలి చేతిలో పడాలని చట్టం చెప్పే ఆ పథకం చెల్లింపుల గురించి అంత నిజాయితీ గల నమోదు నేను వేరే ఏ సర్కారు రికార్డులోనూ చూడలేదు.

ఈ చిక్కు విప్పింది వార్డు ఊడ్చే ఆయమ్మ. ఇచ్చోడ దిక్కు మనిషి, గోండీ వచ్చు. తుడుపుకర్ర గోడకు ఆనించి, పిల్లాణ్ణి బిస్కెట్ల కోసం బయటికి పంపి, గొంతు తగ్గించి ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి, పోయి సిస్టర్ చెవిలో చెప్పింది. కేస్ షీట్ కొట్టేసి మళ్ళీ రాశారు. పదకొండేళ్ళ పిల్లాడి ముందు ఏ ఆడమనిషి ఆ మాట చెబుతుందో ఏ శిక్షణలోనూ ఎవరూ అడిగినట్టు లేదు. ఆయమ్మ ఔట్‌సోర్సింగ్. ఆమె పనిలో ఫినాయిల్ ఉంది, భాష లేదు. దుబాసీ పని చేసిన సేపు ఊడ్చడం ఆలస్యమైందని మేస్త్రీ ఆమెను తిట్టడం కూడా నేను విన్నాను.

చరిత్ర గుర్తుకొస్తే ఒళ్ళు మండుతుంది. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కొమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ణి ఆదిలాబాద్ అడవులకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. గోండు పిల్లవాడికి చెప్పాలంటే గోండీలో చెప్పాలన్న సంగతి నిజాంకు తెలిసింది, అదీ కాల్పుల తర్వాత. నార్నూర్ మండలం గుంజాల ఊళ్ళో బయటపడ్డ గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్ ఆకాశవాణికి గోండీ వచ్చు. కంప్యూటర్‌కు వచ్చు, రేడియోకు వచ్చు. ఇంజెక్షన్‌కు మాత్రం రాదు.

2018లోనే జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. పదిహేడు హక్కులు. తనకు అర్థమయ్యే భాషలో తన జబ్బు గురించి తెలుసుకోవడం అందులో ఒకటి. ఇది ఉత్త మర్యాద ముచ్చట కాదు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు సంగతే తీసుకోండి. 2047 నాటికి ఆ జబ్బును లేకుండా చేస్తామని 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలి. పరీక్ష సులువు. వేలికి సూది గుచ్చితే సరిపోతుంది. చెప్పడమే కష్టం. నువ్వు వాహకురాలివి, అంటే నీకు జబ్బు లేదు, కానీ నీలాంటి వాహకుణ్ణే చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ఒక గూడెం పిల్లకు ఆమె భాషలో, తల్లి ముందు, తీరిగ్గా చెప్పాలి. నిమిషంన్నరలో, రాని భాషలో చెబితే “నీకు జర ఉంది” అని చేరుతుంది. ఆ ‘జర’ ఆ సాయంత్రానికి గూడెమంతా తిరుగుతుంది. మరుసటి నెల వచ్చే సంబంధం దారిలోనే వెనక్కు తిరుగుతుంది. వేలికి అయిన సూది గాయం మానుతుంది లెండి.

మరి తప్పంతా పైవాళ్ళదేనా, సిస్టర్లు మల్లెపూలా అని మీరు అడుగుతారు. కాదు. కాన్పుల గది బయట కూర్చున్న ఏ ఆడదాన్నైనా అడగండి. నొప్పులు పడుతున్న పిల్లను “అప్పుడు లేదా గీ లొల్లి?” అని అడిగిన గొంతు, తొడ మీద పడిన దెబ్బ, ఇవి ఏ ఒక్క దవాఖానవో కావు, ఏ ఒక్క రాష్ట్రానివో కూడా కావు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పుల గదుల్లో తిట్లూ దెబ్బలూ ఆపండని దేశాలన్నిటికీ ప్రకటన చేయవలసి వచ్చింది. 2017లో మన కేంద్రం లక్ష్య అని పథకం పెట్టి గౌరవంగా కాన్పు చేయమంది. గౌరవం కూడా మంజూరు కావాల్సిన వస్తువే అని అప్పుడు తెలిసింది.

కానీ ఆ తిట్టు ఎక్కడ పుడుతుందో చూడండి. మామూలు కాన్పు అంటే గంటలకొద్దీ మాటలు. ఊపిరి పీల్చు బిడ్డా, ఇంకొంచెం, అయిపోయింది, నేనున్న అని ఒక మనిషి ఆ తలాపున ఉండాలి. ఆ మనిషి లేదు, ఉన్నా మూడు టేబుళ్ళ మధ్య పరుగెత్తుతోంది. మాట కరువైన చోటికి ముందు తిట్టు వస్తుంది, వెనకే కత్తి వస్తుంది. కాన్పుకు మాటలు కావాలి, కోతకు సంతకం చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం కోతలే. అప్పుడు దేశంలో మనదే మొదటి స్థానం. కరీంనగర్ అయితే 80 శాతం దాటింది. ముహూర్తం పెట్టించుకొచ్చే అత్తమామల వాటా, ఆపరేషన్ బిల్లు వాటా అందులో ఉన్నాయి, కాదనను. మాట లేని వాటా ఎంతో ఎవరూ సర్వే చేయలేదు. మంత్రసానులను కాన్పుల నుంచి తప్పించి, 2017లో మళ్ళీ మిడ్‌వైఫ్‌ల పేరుతో నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. తలాపున కూర్చుని మాట్లాడేదాన్ని ఏళ్ళ తరబడి మొరటుదని తిట్టి, అదే పని ఇప్పుడు స్లైడ్లు వేసి నేర్పుతున్నాం.

మన సంగతి కూడా ఒక ముక్క. సిస్టర్ నవ్వలేదని ఫిర్యాదు చేసే మనం ఆమెను ఏమని పిలుస్తాం? “ఏయ్ సిస్టర్!” సలైను ఒక చుక్క ఆగితే సెల్‌ఫోన్ తీసి వీడియో పడతాం. మూడో రోజు ఒక ఖద్దరు చొక్కా వచ్చి, ఫోను స్పీకర్లో పెట్టి సిస్టర్ చెవి దగ్గర పట్టుకున్నాడు. “మనోళ్ళే, జర చూసుకో” అని ఆ ఫోన్‌లోంచి ఎవరో అన్నారు. చూసుకుంది. ఆయన మనోళ్ళను చూసుకున్న పదినిమిషాలు ఎవరోళ్ళూ కానివాళ్ళ లెక్కలోంచి పోయాయి.

ఇక సర్కారు గౌరవం. 2023లో స్టాఫ్ నర్సు అనే పేరు తీసేసి నర్సింగ్ ఆఫీసర్ అన్నారు. బాగుంది. ఆఫీసర్ అన్నాక కుర్చీ, బల్ల, గంట, బంట్రోతు ఉంటారనుకుంటాం. ఈ ఆఫీసర్‌కు స్టూలు కూడా లేదు. 2024 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడువేల మందికి ఒకేసారి నియామక పత్రాలిచ్చారు. అదీ మంచిదే, మా ఖమ్మం పిల్ల బహుశా వాళ్ళలో ఒకతె. కానీ స్టేడియం నిండినట్టు వార్డు నిండదు. ఏటా మే 12న నైటింగేల్ పుట్టినరోజు సభలు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, తెల్లచీర దేవతలంటారు. దేవతలని ఎందుకంటారో ఇన్నేళ్ళకు తెలిసింది. దేవతకు ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదు, దేవత బాత్రూముకు పోదు, దేవతకు కాళ్ళు నొయ్యవు, కాబట్టి స్టూలూ అక్కర్లేదు.

మూడో రాత్రి జరిగింది చెప్పి ఆపుతాను.

ఎదురు మంచం మీద ఒక గోండు అవ్వ. కొడుకు పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు పోతాడు. గోలీలు ఇస్తున్నా జ్వరం, ఒళ్ళు నొప్పులు తగ్గట్లేదని రౌండ్సులో డాక్టరు మందు మార్చాడు. మారిన మందుకూ తగ్గలేదు. రాత్రి రెండింటికి సిస్టర్ వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుంది. అవ్వ చెయ్యి లాక్కుని ఏదో అడిగింది. నేల తుడుస్తున్న ఆయమ్మ నవ్వింది.

“నీది ఏ ఊరు అంటుంది.”

వృత్తి సంబంధాల పాఠంలో ఇక్కడ ఎర్ర గీత ఉంటుంది. సొంత విషయాలు రోగికి చెప్పకూడదు, ఏమీ పుచ్చుకోకూడదు, దూరం దాటకూడదు. పెద్ద ఊళ్ళలో ఆ గీతకు అర్థం ఉండొచ్చు. మా దిక్కు లెక్క తలకిందులు. నీ ఊరేదో, తల్లి ఉందో లేదో, పెండ్లయిందో లేదో తెలియకుండా నా కడుపులో నొప్పి నీకెందుకు చెప్పాలి? పెప్లావ్ చెప్పిన మొదటి దశ పరిచయమే. పరిచయం నర్సు చేసుకుంటుందని ఆమె అనుకుంది. బోథ్‌లో రోగే చేసుకుంటుంది.

సిస్టర్ స్టూలు కోసం చూసింది. దాని మీద రిజిస్టర్లు నిద్రపోతున్నాయి. ఆయమ్మ చేతిలో బకెట్టు ఖాళీ చేసి, కొంగుతో అడుగు తుడిచి, మంచం పక్కన బోర్లించింది. నర్సింగ్ ఆఫీసర్ దాని మీద కూర్చుంది. ఊరు చెప్పింది. రెండేళ్ళ కొడుకు తల్లి దగ్గర ఉన్నాడని, ఫోనులో చూస్తుందని చెప్పింది. ఫోటో చూపించింది. అవ్వ ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, తలగడ కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డ మూట తీసి సిస్టర్ ఒళ్ళో పెట్టింది. మూటలో తొమ్మిది గోలీలు.

అన్నం తిన్నాక వేసుకోమన్నారు కదా అంది అవ్వ. ఆయమ్మ చెబుతూ పోయింది. కొడుకు ఐదింటి బస్సుకు పోతాడు. రాత్రి అన్నం తెచ్చేవాళ్ళు లేరు. అన్నం లేదు, కాబట్టి గోలీ వేసుకోలేదు. చెప్పిన మాట తు.చ. తప్పలేదు. రిజిస్టర్ ప్రకారం మాత్రం ఆ తొమ్మిదీ ఎప్పుడో అవ్వ కడుపులో ఉన్నాయి, సంతకాలతో సహా.

సిస్టర్ తన డబ్బాలోని అన్నం సగం పెట్టింది. గోలీ వేయించింది. తెల్లవారి వచ్చి నొప్పి ఎంతుంది అని అడిగింది. పుస్తకంలో దీనికి సున్నా నుంచి పది దాకా కొలబద్ద ఉంది. అవ్వ చెప్పినదాన్ని ఆయమ్మ మా దిక్కు కొలబద్దలోకి మార్చింది. “రూపాయిల బారాణా తగ్గిందట, చారాణా ఉందట.”

పొద్దున రౌండ్సులో పెద్దసారు మంచం పక్కన బోర్లించిన బకెట్టు చూశాడు. రోగి దగ్గర బాత్రూము బకెట్టు ఏమిటి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అంటే తెలుసా అని అడిగాడు. బకెట్టు బాత్రూముకు పోయింది. మరి కూర్చునేందుకు స్టూళ్ళు కావాలని సిస్టర్ అంటే ఇండెంట్ పెట్టుకోమన్నాడు. ఇండెంట్ పెట్టడానికి కూడా ఒక రిజిస్టరుంది.

నాలుగో రాత్రి సిస్టర్ సూది ట్రే పట్టుకుని వచ్చింది. అవ్వ మంచం పక్కన బకెట్టు కోసం చూసింది, లేదు. కాళ్ళు ముడుచుకుని గోడ వైపు జరిగి, మంచం అంచున జానెడు జాగా చేసి, అరచేత్తో దుప్పటి తట్టింది. రోగి మంచం మీద సిబ్బంది కూర్చోరాదన్న కాగితం అవ్వ తలకు పైనే అంటించి ఉంది. సిస్టర్ ఆ కాగితం వైపు, తలుపు వైపు చూసి, ట్రే కింద పెట్టింది.